ఓడెల్ పిన్ని వాకిట్లో కారు

ఓడెల్ పిన్ని ఉన్నంతకాలం మేము నాచెజ్ ఊరు చూడలేమని పెళ్ళయిన కొత్తలోనే నాకు అర్థమైంది. ఆవిడ మా అత్తగారు వెర్నాకు సొంత చెల్లెలు. ఆ ఊరు వెళ్ళి ఆవిడ ఇంట్లో దిగకుండా వచ్చినవాళ్ళు మా కుటుంబంలో లేరు. దిగితే ముందు భోజనం. భోజనం కాగానే కారెక్కించి శ్మశానానికి తీసుకువెళ్ళి, పోయిన చుట్టాలను సమాధి సమాధికీ ఆగి పేరుపేరునా పరిచయం చేస్తుంది. ఇంటికి రాగానే మళ్ళీ భోజనం. గట్టు మీద నుంచి మిసిసిపీ నదిని చూసొస్తామంటే, "నదికేం, ఎక్కడికి పోతుంది? ఈ కొబ్బరి కేకు తిను ముందు" అంటుంది.

ఈ ఏప్రిల్‌కు మా పెళ్ళయి పాతికేళ్ళు. నేను కోరుకున్నది ఒక్కటే. గట్టు మీది పాత హోటల్లో నది వైపు వరండా ఉన్న గది కావాలి. పొద్దున్నే ఆ వరండాలో కూర్చుని, నేను కాచని కాఫీ తాగాలి. ఆ మాటే మా ఆయన హార్లన్‌తో చెప్పాను.

"మరి పిన్ని?" అన్నాడు.

"పిన్నికి తెలియకూడదు."

"మా అమ్మకి తెలిస్తే పిన్నికి తెలిసినట్టేగా."

"అయితే మీ అమ్మకీ తెలియకూడదు."

"మరి కుక్కకి తిండెవరు పెడతారు?"

మేము లేనప్పుడు కుక్కను చూసేది అత్తగారే. హార్లన్ కాసేపు ఆలోచించి, ఆవిడ ఇంటికి వెళ్ళి, యుద్ధం గెలిచినవాడిలా తిరిగొచ్చాడు.

"విక్స్‌బర్గ్ వెళ్తున్నామని చెప్పాను. అదీ నది ఒడ్డేగా! సగం నిజమే."

ఆ బుధవారం సాయంత్రం చర్చిలో భోజనాలయ్యాక, ఎవరి గురించి ప్రార్థించాలో చెప్పమన్నారు పాస్టర్‌గారు. అత్తగారు లేచారు. "మావాడూ కోడలూ విక్స్‌బర్గ్ వెళ్తున్నారు. దారిలో ఏ ఆపదా రాకుండా అందరూ ప్రార్థించండి." పాస్టర్‌గారు కళ్ళు మూసుకుని ఆ దారినీ, దాని వంతెనలనూ, వాటి మీద తిరిగే లారీలనూ దేవుడికి వివరంగా అప్పజెప్పారు. ఆమెన్ అందరికంటే గట్టిగా అన్నది హార్లనే. నేను అతని కాలు తొక్కాను.

మా చర్చిలో ఒకసారి ప్రార్థించాక ఆ ప్రయాణంలో అందరికీ వాటా వచ్చినట్టే. బయటికి రాగానే లర్లీన్‌గారు అంజూరపు జామ్ సీసాతో ఎదురయ్యారు. "మా చెల్లెలు విక్స్‌బర్గ్‌లోనే ఉంటుంది నాన్నా. దాని గుమ్మంలో ఆగి ఇచ్చేస్తే చాలు."

"అలాగేనండి, తప్పకుండా," అన్నాడు హార్లన్. వద్దనడం అతనికి చిన్నప్పటి నుంచీ ఎవరూ నేర్పలేదు.

మర్నాడు ఫోన్ మోగింది. ఓడెల్ పిన్ని.

"ఏమే రోండా, విక్స్‌బర్గ్‌లో ఎవరున్నారే మీకు? నేను బతికుండగా, నా ఊరు వదిలేసి, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో హోటల్లో పడుకుంటారా? మీ పెళ్ళికి కేకు చేసిందెవరు? అదేం కుదరదు. ఇక్కడికే రండి. ముందు గది పరదాలు ఇప్పుడే దించుతున్నాను ఉతకడానికి."

నాకు వరండా కనుమరుగవుతున్నట్టు అనిపించింది. ఇంకో అబద్ధం ఆడితే ఇంకో ఊరు వెళ్ళాలి.

"పిన్నిగారూ, మేము వచ్చేది నాచెజ్‌కే. హోటల్లో దిగుదామనుకున్నాం. మీ ఇల్లు బాగోక కాదు. ఇన్నిసార్లు వచ్చినా నేను నది చూడలేదు."

అవతల ఆవిడ గోడగడియారం కొట్టుకోవడం వినపడుతోంది. తర్వాత, ఇంట్లో తానొక్కతే ఉన్నా గొంతు తగ్గించి అడిగింది:

"అయితే పరదాలు ఉతకక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

"పంది తొడ పొగబెట్టక్కర్లేదా?"

"వద్దండి."

"అమ్మయ్య! మీరొస్తున్నారంటే వారం ముందు నుంచీ నా నడుం పట్టేస్తుందే."

"మరి శ్మశానం?"

"ఆ మిట్ట ఎక్కలేక నా మోకాళ్ళు పోతున్నాయి. మీకిష్టమని తీసుకెళ్తున్నాను. హార్లన్ చిన్నప్పుడోసారి సమాధులు బాగున్నాయన్నాడు కదా."

నేను నవ్వు ఆపుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"కానీ ఎదురింట్లో యూలా ఉందే! నా వాళ్ళు ఊళ్ళోకొచ్చి హోటల్లో దిగారని తెలిస్తే, ఆదివారం నేను చర్చిలో తలెత్తుకోగలనా? అందుకని కారు రాత్రంతా నా వాకిట్లోనే ఉండాలి. నంబరు పలక వీధి వైపుకి పెట్టించు. కారు ఏ జిల్లాదో పలక మీద చదవందే యూలాకి నిద్రపట్టదు."

"మరి మేము హోటల్‌కి ఎలా వెళ్ళాలి?"

"నేను దింపుతాను. వీధి మలుపు దాకా వెనక సీట్లో తలలు వంచుకుని కూర్చోండి. ప్రయాణం నేనే మార్పించానని వెర్నాతో చెప్తాలే. నేనేం వండానని అది నిన్నడిగితే ఏం చెప్తావ్?"

"కోడి వేపుడు."

"కోడి వేపుడొక్కటేనా? నా పరువు తియ్యకు. పంది తొడ చెప్పు, బెండకాయలు చెప్పు, కేకు రెండు ముక్కలు తిన్నామని చెప్పు."

నాచెజ్‌లో పిన్ని ఇంట్లోనే దిగుతామంటే అత్తగారు ఒప్పుకున్నారు. లర్లీన్‌గారు మాత్రం సీసా వెనక్కి తీసుకోలేదు. "ఎప్పుడో ఒకప్పుడు వెళ్తారుగా," అన్నారు.

అనుకున్నట్టే కారు ఆ వాకిట్లో, పలక వీధి వైపుకి, నిలబడింది. ఆరడుగుల హార్లన్ పిన్ని కారు వెనక సీట్లో మడతపడి, ఒళ్ళో పెట్టెతో వచ్చాడు. పొద్దున నేను వరండాలో కూర్చున్నాను. కింద నది ఎర్రమట్టి రంగులో, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా తీరిగ్గా కదులుతోంది. కాఫీ వచ్చింది. నీళ్ళలా ఉంది. కప్పు అంచున ఎవరిదో లిప్‌స్టిక్ మరక కూడా ఉంది. రుమాలుతో తుడుచుకుని తాగాను.

అంతలో ఫోన్ మోగింది.

"మీరింకా లేవలేదేమని యూలా అడిగిందే," అంది ఓడెల్ పిన్ని గుసగుసగా. "రాత్రి బాగా తిన్నారు, పడుకోనీ అన్నాను. మధ్యాహ్నం దాకా నిద్రపోండి."

"అలాగేనండి," అని ఫోన్ పెట్టేసి, ఇంకో కప్పు తెమ్మన్నాను.