లాప్‌టాప్‌కి పట్టిన నత్తి

పద్మకుమారికి పుట్టుకతోనే చూపు లేదు. కొత్తవలసలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తుంది. ఆవిడ లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. తెర మీద ఏముంటే అది గడగడా చదివి వినిపించే గొంతు ఒకటి అందులో ఉంది. ఆదివారం పొద్దున్న అప్‌డేట్ పెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి ఆ గొంతుకి నత్తి పట్టుకుంది. సగం మాట, తర్వాత మూకుట్లో ఆవాలు వేసినట్టు చిటపటలు, మళ్లీ సగం మాట.

సాయంత్రంలోగా తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రం పంపాలి. ఫోన్‌లో వెతికితే సంగతి తెలిసింది. వినిపించబోయే శబ్దాన్ని కంప్యూటర్ కొంచెం ముందే నిలవ చేసుకుంటుంది. ఆ చోటుని బఫర్ అంటారు. అది మరీ చిన్నదైతే, తర్వాతి ముక్క వచ్చేలోపే ఖాళీ అయి మాట తెగిపోతుంది. దాన్ని పెంచే కమాండు టైపు చెయ్యడం ఆవిడకి చిటికెలో పని. కానీ కంప్యూటర్ ఏం జవాబిచ్చిందో చెప్పాల్సిన గొంతే కదా పడిపోయింది.

పక్క వీధిలో ఉన్న మేనమామ తిరుమలరావుకి ఫోన్ చేసింది. ఆయన గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. వచ్చి, కళ్లజోడు తుడుచుకుని పక్కన కూచున్నాడు.

"ఏటి సెయ్యాలమ్మా?"

"తెర మీద ఏటుంటే అది సదువు మావా. ఏదీ వదలకు."

"బ్యాటరీ అరవై రెండు. పైన గంట బొమ్మ ఉన్నాది."

"అవి కాదు మావా. నల్ల డబ్బాలో రాతలు."

"వదలొద్దన్నావు కదే."

ఆవిడ కమాండు కొట్టింది. "ఎర్రర్ల కింద అంకె ఏటున్నాది?"

"నలభై ఆరు. ఉండు, యాభై దాటీసింది. పెరుగుతన్నాదమ్మా."

"మాట తెగినప్పుడల్లా ఒకటి పెరుగుతాది మావా. అదే రోగం."

బఫర్‌ని ఒకేసారి బాగా పెంచేసింది. చిటపటలు పోయాయి. అంకె ఆగింది. కానీ ఆవిడ మొహం విప్పారలేదు.

"బాగైపోనాది కదేటి?"

"ఆలీసంగా వస్తంది మావా. 'క' నొక్కి, 'మ' కూడా నొక్కీసాక 'క' అంటంది."

"మా గూడ్సు బండిలాగన్నమాట. ఇప్పుడు సిగ్నలిస్తే ఎప్పటికో కదుల్తాది."

ఆవిడ నవ్వి, సగానికి తగ్గించింది. మళ్లీ సగం. ప్రతిసారీ మావ తెరకి ముక్కు ఆనించినంత పని చేసి అంకె చదివాడు. ఒకచోట చిటపటలు తిరిగొచ్చాయి. ఒక మెట్టు వెనక్కి వెళ్లింది. అక్కడ మాట తెగలేదు, ఆలస్యమూ లేదు.

"కదల్లేదమ్మా. సూస్తనే ఉన్నాను, కదల్లేదు."

సెట్టింగు పోకుండా దాచి, లాప్‌టాప్ ఆపి మళ్లీ వేసింది. గొంతు శుభ్రంగా పలికింది. వెంటనే ఆవిడ అది చదివే వేగాన్ని తనకి అలవాటైనంతకి పెంచింది.

"ఇదేటి బాసమ్మా?" అన్నాడు తిరుమలరావు.

"తెలుగే మావా."

ఆయనకోసం వేగం తగ్గించి ప్రశ్నపత్రం వినిపించింది. ఆయన ఊరుకోకుండా జవాబులు చెప్పడం మొదలెట్టాడు. మొదటి రెండూ ఒప్పే. మూడోది వంశధార ఎక్కడ పుట్టిందని.

"కళింగపట్నం."

"అది సముద్రంలో కలిసే చోటు మావా."

"అయితే కలిసే చోటే అడగొచ్చు కదా. పిల్లలకి తెలిసిందడిగితే ఏటి పోయింది?"

పద్మకుమారి ఆ ప్రశ్న దగ్గరికి వెనక్కి వెళ్లింది. ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో రాయమని ప్రశ్న మార్చి, ఒక్కోదానికి ఒక్కో మార్కు వేసి, పత్రం పంపేసింది.