ఎర్రమన్ను బూట్లు

"ఈ బూట్లు గ్యారేజీల పెట్టుమన్ననా, లేదా? హీటర్ ముంగట పెడితే ఇల్లంత మన్నే," అంది చంద్రకళ, చీపురుతో ఎర్రపొడిని ఒకచోటికి లాగుతూ.

"ఆడ పెడితే తెల్లారేసరికి ఆరయి. తడి బూట్లేసుకొని పోవాల్నా?"

"పోండి. మన్ను మీది, తడి మీది."

కొమరయ్య బూట్లలో కాళ్లు దూర్చాడు. లేసులు కట్టుకుంటుంటే ఎడమ మోకాలు కలుక్కుమంది. భార్య అటు తిరగడం చూసి, గోడ పట్టుకుని లేచాడు.

కెనడాలోని లండన్ ఊరి చివర ఉన్న బేస్‌బాల్ కాంప్లెక్సును రెండు ప్రొఫెషనల్ జట్లు పంచుకుంటాయి. మంచు కరిగాక సీజన్ మొదలయ్యేదాకా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి సాధన చేస్తాయి. ఆ రెంటి నడుమ మైదానం కొమరయ్యది. బంతి విసిరే పిచర్ మట్టిదిబ్బ మీద నిలబడతాడు. అతని కాలు దిగేచోట రోజూ గుంట పడుతుంది. దాన్ని ఊడ్చి, తడిపి, కొత్త బంకమన్ను మెత్తి, దిమ్మిసతో గట్టిపరచాలి. చివరి దెబ్బలు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని చేతి దిమ్మిసతో వేయాలి. కూతురు చరిత స్పాన్సర్ చేసి తెచ్చినప్పటి నుంచి అతనికి తెలిసిన కెనడా ఆ దిబ్బే. ఏ ఆట ఎవరు గెలిచారో అతనికి పట్టదు. ఎవరి కాలూ జారకపోతే చాలు.

ఆ రోజు మోకాలు వంగలేదు. నిలబడే నాలుగు పోట్లు వేశాడు. పైకి నున్నగానే ఉంది.

మధ్యాహ్నం జట్టు పిచర్ రెండు బంతులు విసిరాడు. మూడోదానికి కాలి కింద మన్ను పెళ్లలా కదిలింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. కంచె దగ్గరున్న కొమరయ్య దిబ్బ వైపు రెండడుగులు వేశాడు. పిచర్ చీలమండ పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి రెండుసార్లు గెంతి చూసుకుని నవ్వాడు.

"వెట్ క్లే, ఇట్ హ్యాపెన్స్," అన్నాడు సూపర్‌వైజర్.

తప్పు తడిదీ కాదు, మన్నుదీ కాదని కొమరయ్యకు తెలుసు. పళ్లు బిగించి మోకాళ్ల మీద కూర్చుని గుంట మళ్లీ కట్టాడు. లేవలేకపోతే పడ్డవాడే చెయ్యి అందించాడు.

సాయంత్రం చేతి దిమ్మిస కడిగి మేకుకు తగిలించాడు. ఇంటికొచ్చి బూట్లు తనంతట తానే గ్యారేజీలో విప్పాడు.

పచ్చిపులుసు పోసుకుంటూ, "రేపటి సంది పోను. సూపర్‌వైజర్‌కు చెప్పొచ్చిన," అన్నాడు.

"ఆర్ యూ సీరియస్, నాన్నా? ఎవరన్నా ఏమన్నా అన్నరా?" అంది చరిత.

"ఎవ్వరేమన్లే. నా మోకాలు వంగక ఇయ్యాల ఒక పిలగాడు పడ్డడు. దెబ్బ తాకలే. రేపు తాకితే?"

చంద్రకళ అన్నం వడ్డిస్తూ ఆగింది. "మోకాలు సంగతి నాకెప్పుడో ఎరుక. గోడ మీద మీ చేతి మరకలు తుడిచేది నేనే గద."

"మరి అడగలే?"

"మీరే చెప్తరని చూసిన."

కొమరయ్య గుండెల నిండా ఊపిరి పీల్చి, మరో ముద్దకు కంచం ముందుకు జరిపాడు. చంద్రకళ వడ్డించి, గ్యారేజీలోకి వెళ్లి వచ్చింది.

హీటర్ ముందు బూట్లు పక్కపక్కన ఆరుతున్నాయి. ఎడమదాని మడమ నుంచి ఎర్రమన్ను చిన్న పెళ్లగా ఊడి నేల మీద పడింది.