నలభై ఏడో చేప

భానుశ్రీకి కోపం ముక్కు మీదే ఉంటుందని విజయవాడలో ఆమె పాఠాలు చెప్పే కాలేజీ అటెండరుకి కూడా తెలుసు. ఆ రోజు అది ముక్కు మీది నుంచి నెత్తికెక్కింది. ఎక్కించినవాడు పామర్రు సెంటర్లో టీకొట్టు ఆయన.

"ఒక్కదానివే వచ్చావా అమ్మా, చేపలు పట్టడానికి? మీ ఆయన రాలేదా?"

"ఆయనకి బట్టల కొట్టు ఉందండి. అయినా ఒక్క గాలం పట్టుకోడానికి ఇద్దరెందుకు?"

"పట్టి ఏం చేస్తావు, పులుసా?"

"మేం తినమండి. ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తాను."

టీకొట్టు ఆయన బెంచీ మీదున్న నలుగురి వంకా చూశాడు. నలుగురూ పగలబడి నవ్వారు. భానుశ్రీ సగం టీ బల్ల మీదే వదిలేసి స్కూటరెక్కింది.

ఆమె జువాలజీ లెక్చరరు. వేసవి సెలవులని చెప్పి ఆ కాలేజీ విదిలించేది నాలుగంటే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ గాలం పట్టుకుని ఒంటరిగా కాలువ గట్ల వెంట తిరుగుతుంది. కొత్తరకం చేప పడితే నోటుబుక్కులో దానికొక పేజీ: పేరు, పట్టిన తేదీ, పట్టిన చోటు. ఇప్పటికి నలభై ఆరు నిండాయి. నలభై ఏడో పేజీలో మూడేళ్ల కిందటే 'బొమ్మిడాయి' అని పేరు రాసి పెట్టుకుంది. బొమ్మిడాయి ఏమంత వింత చేపని? ఒకప్పుడు ఈ కాలువల్లో బురదలో చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. ఇప్పుడు ఆమె విద్యార్థులకు అది పుస్తకంలో బొమ్మ. మూడు వేసవులు తిరిగినా ఒక్కటి గాలానికి తగల్లేదు. ఈ నీళ్లలో అది ఇంకా బతికి ఉందో లేదో తన కళ్లతో చూసి తీరాలని ఆమె పంతం. సెలవుల్లో ఇదే ఆఖరి రోజు.

మే నెలలో కాలువలు కట్టేస్తారు. నీళ్లు పోయి వంతెనల కింద మాత్రం మడుగులు మిగులుతాయి, ఉన్న చేపంతా వాటిలోనే చేరుతుంది. కూచిపూడి రోడ్డులో అలాంటి మడుగొకటి చూసుకుని, గట్టు దిగి, వానపామును గుచ్చి గాలం వేసింది.

పది గంటలకు బెండు మునిగింది. ఆశగా లాగితే పైకి వచ్చింది దెయ్యం చేప. ఒళ్లంతా నల్లమచ్చలు, గరుకు పెంకు, పొట్టకింద గుండ్రటి నోరు. మళ్లీ వేసింది, మళ్లీ అదే. మూడోసారీ అదే. నిరుడు కూడా ఇలాగే పడితే ఈ దిక్కుమాలినదానికి తన పుస్తకంలో పేజీ ఇచ్చేది లేదని ఒట్టు పెట్టుకుంది. ఇది మన నీళ్ల చేప కాదు. మిగతా చేపల గుడ్లు తింటుంది, గట్టు తొలుస్తుంది, చావమంటే చావదు. గాలంలోంచి దాన్ని ఊడదీస్తుంటే రెక్కముల్లు గీరుకుని బొటనవేలి నుంచి రక్తం కారింది.

"మళ్లీ నీళ్లలో వెయ్యబోకండి మేడంగారూ. గట్టున పడెయ్యండి," అంది వంతెన నీడలోంచి ఒక ముసలామె. ఒళ్లో చిరిగిన వల వేసుకుని బాగు చేసుకుంటోంది. పేరు అడిగితే తెరేసమ్మ అంది. ఆ కాలువ మీదే నలభై ఏళ్లుగా చేపలు పట్టి బతుకుతోందట.

"ఇవి ఎప్పట్నించి ఉన్నాయండీ ఇక్కడ? నేను బొమ్మిడాయి కోసం వస్తే ఇవే పడుతున్నాయి."

"ఏడేళ్లయింది. వలలో పడితే వల పీలికలే. తినేవాళ్లు లేరు, కొనేవాళ్లు లేరు. బొమ్మిడాయి కోసమా తమరొచ్చింది? అది నా కంటబడి నాలుగేళ్లయింది."

భానుశ్రీకి ఒళ్లు మండిపోయింది. "వీటిని ఏ వెధవ వదిలాడో గానీ, వాణ్ణి తీసుకొచ్చి ఈ మడుగులో ముంచాలి!"

"వెధవలు కాదండీ, పుణ్యాత్ములు. కార్తీకమాసంలో బెజవాడ కాలవలో దీపాలొదులుతారు గదా, వాటితోపాటు ఇంట్లో గాజుపెట్టె చేపల్నీ వదులుతారు. చంపితే పాపమంట. మా మరిది అక్కడే కాలవ పక్కన ఉంటాడు. పసుపూ కుంకుమా చల్లి మరీ వదిలారని చెప్పాడు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారని ఊరికే అనలేదు. భానుశ్రీ చెయ్యి భుజం మీదికి పోలేదు గానీ, రక్తం కారుతున్న బొటనవేలిని గుప్పిట్లో దాచుకుంది.

ఎనిమిదేళ్ల కిందట ఆమె ఇంట్లో అక్వేరియం ఉండేది. పాచి తింటాయని షాపువాడు ఈ జాతివే రెండు బుల్లి చేపల్ని అంటగట్టాడు. ఏడాదికల్లా అవి మూరెడై, మిగతా చేపల్ని బతకనివ్వలేదు. "చంపకే, ఉసురు తగులుతుంది. పౌర్ణమి నాడు కాలవలో వదిలెయ్, పుణ్యం," అంది అత్తగారు రాజేశ్వరి. బందరు కాలువ మెట్ల మీద అరటిదొప్పలో దీపం పెట్టి, పసుపు చల్లి, బకెట్ వంచింది భానుశ్రీయే. అత్తగారికైతే తెలియదు. ఆ మధ్యాహ్నమే క్లాసులో జీవవైవిధ్యం పాఠం చెప్పి వచ్చిన తనకేమైంది? బందరు కాలువ నీళ్లు దిగువకు, ఈ పొలాలకే వస్తాయని తనకు తెలియదా? పైగా ఆ రాత్రి బకెట్ వంచుతున్న ఫొటో వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఎవరెవరి మీదో చిందులు తొక్కిన కోపమంతా ఇప్పుడు ఇంటిదారి పట్టింది. తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

చెప్పకుండా స్కూటరెక్కితే ఎవరికీ తెలియదు. గాలం మడిచింది కూడా.

"తెరేసమ్మగారూ, నేనూ వదిలానండి. రెండు. బందరు కాలవలో."

తెరేసమ్మ చేతిలో సూది ఆగింది. "తమరేం చేస్తుంటారు?"

"పాఠాలు చెప్తానండి. చేపల గురించే."

తెరేసమ్మ తల వంచుకుని సూదిని మళ్లీ వలలోకి దింపింది. అరిచినా బాగుండేది.

"పుణ్యం మీరు పట్టుకెళ్లారు. చేపల్ని మాకొదిలారు," అని, వల రెండో కొస తీసి భానుశ్రీ ఒళ్లో పడేసింది.

భానుశ్రీ కూర్చుంది. పెడనలో నేతపని ఇంట్లో పుట్టిన మనిషి. తెగిన పోగు అతకడం ఆమెకు చిన్నప్పుడే పట్టుబడిన విద్య. బొటనవేలు మండుతున్నా పొద్దు వాలేదాకా ముడులు వేసింది. తెరేసమ్మ ఒక్కో ముడినీ గట్టిగా లాగి చూసింది.

"నా ఒక్కదాని వలే కాదండీ. ఈ కాలవ మీద పదకొండు ఇళ్లున్నాయి," అని వల భుజాన వేసుకుని గట్టెక్కి వెళ్లిపోయింది.

భానుశ్రీ నోటుబుక్కు తీసి నలభై ఏడో పేజీలో 'బొమ్మిడాయి' కొట్టేసింది. కింద దెయ్యం చేప అని రాసింది. పట్టిన తేదీ, పట్టిన చోటు రాసింది. తన పుస్తకంలో ఏ పేజీలోనూ లేని వరుస ఒకటి దాని కింద చేర్చింది.

వదిలినవారు: భానుశ్రీ, జువాలజీ లెక్చరర్.