బోరు దగ్గర మాసా

డీజిల్ డబ్బాను రెండు చేతులా ఎత్తి ఇంజను టాంకీలోకి వంచుతూండగా మాసాకు మళ్లీ దగ్గు తెర వచ్చింది. డబ్బా కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి, అది తగ్గేదాకా వంగి నిలబడ్డాడు. ఇనుప గనిలో రాళ్లు పిండిచేసే మిషను దగ్గర ఏళ్ల తరబడి మింగిన దుమ్ము అది. ఊపిరాడక పని మానుకుని, బాసగూడ దగ్గరి తన గూడేనికి తిరిగివచ్చాడు.

గూడేనికి తాగునీరంటే వాగు ఒక్కటే. గని కొండ మీంచి దిగే ఆ వాగు వానాకాలమంతా ఎర్రగా పారుతుంది. పోయినేడు ఆ నీళ్లకే వాంతులు పట్టి మాసా కూతురు సోమి పోయింది.

ముందు ముందు కుళాయిలు వేయడానికి భూమిలో నీరెక్కడుందో చూసేందుకు ఇంజనీరు చక్రధరరావు వచ్చి బోరు వేయించాడు. ఈరోజు సాయంత్రం దాకా ఇంజను ఆగకుండా తోడాలి. అంత తోడినా నీటిమట్టం నిలిస్తేనే గూడెం కుళాయిల పథకంలో చేరుతుంది. ఇంజను చూసుకునే కూలిపని మాసాది.

మధ్యాహ్నానికి అతని పెదవులు నల్లబడ్డాయి. చక్రధరరావు చూసి దగ్గరికొచ్చాడు. జీపు నడిపేదీ, మట్టం కొలిచేదీ ఆయనొక్కడే.

“ఆపేద్దాం మాసా. ఆస్పత్రికి పోదాం పద.”

“ఆపితే మల్ల ఎప్పుడొస్తరు సాబ్?”

ఆయన కొండ మీది మబ్బుల వంక చూశాడు. “వానలు పడితే ఈ దారిన జీపు రాదు. వచ్చే ఏడే.”

“అయితే నడవనీయుర్రి. పొద్దు గూకినంక పోదాం.”

బిందెతో వచ్చిన భార్య పొజ్జే ఆ మాట వింది. “ఏంది నీ మొండితనం? నీకేమన్న అయితే?”

“నీళ్లు జూడు పొజ్జే, ఎంత తెల్లగొస్తున్నయో. తీస్కపోయి అందరికీ పొయ్యి.”

ఆమె కళ్లు తుడుచుకుని, బిందె నింపుకుని వెళ్లింది. మాసా ఇప్పచెట్టుకు చేరగిలబడి పైపు వైపు చూస్తూ కూర్చున్నాడు. చక్రధరరావు బోరు మీదికి వంగి మట్టం చూసుకుంటున్నాడు. ఇంజను హోరులో ఎవరి దగ్గూ ఎవరికీ వినబడదు.

పొద్దు కొండ వెనక్కి వాలుతూండగా ఆయన తలెత్తి అరిచాడు.

“మట్టం నిలిచింది మాసా! ఆపేయ్.”

మాసా కదలలేదు. ఆయనే వెళ్లి ఇంజను ఆపాడు. ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. చెట్టు కింద నుంచి దగ్గు రాలేదు. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంటే అప్పటికే చల్లబడింది.

అతన్ని జీపులో ఇంటికి చేర్చారు. పైపు కింది మడుగులో బురద అడుక్కి దిగి నీరు తేటపడింది. దాని ఒడ్డున, తెగిన పట్టీని ఇనుపతీగతో కట్టుకున్న మాసా రబ్బరు చెప్పుల జత ఇంకా తడిగానే ఉంది.