పాత పేజీ చూపించిన దారి

ఆసుపత్రి ప్రసూతి విభాగం తన పాత భవనానికి తాళం వేసి, ఊరి ఆ చివరనున్న కొత్త భవనంలోకి మారింది. ఆ మర్నాడు, వెబ్‌సైటు చూసుకునే అమ్మాయి ఆఫీసులో అడుగు పెట్టీ పెట్టగానే అక్షింతలు మొదలయ్యాయి.

"నిన్ననే మార్చేశానన్నావు కదమ్మా! మరి ఇదేంటి?" అంటూ మేనేజరు తన ఫోన్‌ను ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. అందులో పాత చిరునామా, పాత మ్యాపు నిక్షేపంగా ఉన్నాయి.

ఆమె తన కంప్యూటర్లో తెరిచి చూపించింది. అది నేరుగా అసలు సర్వరు నుంచే తెచ్చుకుంటుంది కనుక అక్కడ కొత్త చిరునామానే ఉంది.

"నేను మార్చాను సార్. సైటు చకచకా తెరుచుకోవాలని మధ్యలో వేరే సర్వర్లు పెట్టించారు కదా, అవి పాత కాపీలు దాచుకుని అందరికీ అవే ఇస్తున్నాయి. వారం దాకా అంతే. ఆ గడువు పెట్టించింది మీరే. వాటిని తుడిచేసి, జనం ఫోన్లలో దాగిన పాత మ్యాపు మళ్లీ రాకుండా ఆ ఫైలుకి కొత్త పేరు పెడితే సరిపోతుంది. ఎంతోసేపు పట్టదు."

"తుడిచేస్తే సైటు నెమ్మదిస్తుందా?"

"కాసేపు."

"అయితే డైరెక్టరుగారిని అడగాలి. ఆయన మీటింగులో ఉన్నారు. ఈలోగా ఎవరైనా అడిగితే రిఫ్రెష్ చేసుకోమని చెప్పు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "రిఫ్రెష్ చేసినా పాతదే వస్తుంది సార్. అయినా నొప్పులు పడుతున్న మనిషి మనల్ని అడిగి బయల్దేరుతుందా?"

"ముందు గొంతు తగ్గించు!" అని అందుకున్నాడాయన. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పడం మొదలుపెట్టాడు. సంచీలో ఫోన్ గిలగిలా కొట్టుకుంటోంది. ఆమె చెయ్యి అటు వెళ్లేసరికి, "నేను మాట్లాడుతుంటే ఫోనా?" అని కసిరాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన అటు వెళ్లగానే ఫోన్ తీసింది. అన్నీ బావ చేసిన కాల్సే. అక్కాబావలు ఆమె ఇంట్లో నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చారు. అక్కకు ఇంకా నెలలు నిండలేదు, అందుకే ఆసుపత్రి ఊసు ఎవరూ ఎత్తలేదు.

"బావా, ఏమైంది?"

"ఏమైందా? మీ ప్రసూతి ఆసుపత్రి గేటు ముందు నిలబడ్డాం! గొలుసేసి తాళం పెట్టారు. బోర్డు లేదు, మనిషి లేడు. మీ అక్కకి ఉమ్మనీరు పోయింది, కారులో అరుస్తోంది. నువ్వు చేసిన సైటు చూసే కదా వచ్చాం!"

"వంతెన దిగగానే ఎడమకి తిప్పు బావా, నీలం రంగు భవనం. వాళ్లకి నేను చెప్తాను, స్ట్రెచర్ బయటే ఉంటుంది. పద!"

ప్రసూతి విభాగానికి ఫోన్ చేసి చెప్పింది. వెంటనే కంప్యూటరు ముందు కూర్చుంది. ఫైలు పేరు మార్చింది. మధ్య సర్వర్లలోని పాత కాపీలన్నింటినీ ఎవరినీ అడక్కుండా తుడిచిపారేసింది. ఆ సైటు ఎన్నడూ తెరవని రిసెప్షనిస్టు ఫోన్లో తెరిపించి చూసింది. కొత్త చిరునామా వచ్చింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "సైటు నత్తలా నడుస్తోంది! ఎవర్నడిగి చేశావు?"

"ఎవర్నీ అడగలేదు." ఆమె కేకకు ఆఫీసంతా తలలెత్తి చూసింది. "మా అక్క ఇందాక ఆ తాళం గేటు ముందు నొప్పులు పడింది. ఇంకా ఎంతమంది ఆడవాళ్లు అక్కడ పడిగాపులు పడుతున్నారో! మీరు అక్కడికి వెళ్తారా, లేక నన్ను మీటింగులోకి వెళ్లి డైరెక్టరుగారికి చెప్పమంటారా?"

ఆయన కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. పాత గేటు దగ్గర ఆటోలో ఇంకో నిండు చూలాలు ఉందని, తనే కొత్త భవనానికి తీసుకెళ్తున్నానని కాసేపటికి ఆయన నుంచి ఫోన్ వచ్చింది. అందులో "సారీ" అన్న మాట కూడా ఉంది గానీ, ఆమె చెవికెక్కలేదు.

అక్క కొత్త భవనం లిఫ్టులోనే ప్రసవించింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉన్నా గొంతు మాత్రం గట్టిది. చెల్లెలు గదిలోకి రాగానే బావ ముఖం తిప్పుకున్నాడు.

"ఈవిడగారి సైటు!" అన్నాడు గోడతో.

"నా సైటు కాదు బావా. మేనేజరు నా మాట వినుంటే..." అని ఆమె గొంతు పెంచింది.

"ఇద్దరూ బయటికెళ్లి కొట్టుకోండి," అంది అక్క నీరసంగా. "వెళ్లే ముందు నాకు తినడానికేదైనా ఇచ్చి చావండి. మీ కోపాలతో నా కడుపు నిండదు."