చేపలు లేని బావి

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. కోడుమూరు దాపున ఉన్న నల్లరేగడిపల్లెకు దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారంటే ఊరంతా జాతరే. తెల్లారేసరికి ఇళ్లలోని సామానంతా వాకిట్లోకి వచ్చేది. కుండలు, మంచాలు, బొంతలు, రాగి చెంబులు, గంపల కింద మూసిన కోళ్లు! ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని ఒకరి సామాను ఒకరు చూసి ముసిముసిగా నవ్వుకునేవారు. ఇంట్లో ఎంత గుట్టుగా దాచుకున్నా ఆ ఒక్క రోజు దాగదు గదా!

ఆ మందు పేరు డి.డి.టి. సముద్రాల అవతలి దేశాలు మన మేలు కోరి పీపాలకు పీపాలు పంపేవి. నీళ్లలో కలిపి పంపుతో గోడలకు కొడితే, గోడ మీద వాలిన దోమ వాలినట్టే రాలిపోయేది. మొదటి ఏడు చలిజ్వరాలు సగానికి సగం తగ్గాయి కూడా. జనం మందును దేవుడి తీర్థంలాగా చూశారంటే వాళ్ల తప్పేమీ లేదు. తప్పు వేరేచోట జరిగింది. అది చెప్పాలంటే ముందు రామసుబ్బమ్మను గురించి చెప్పాలి.

భర్త పోయిన తర్వాత నల్లరేగడి చేలన్నీ ఒంటిచేత్తో సాగుచేయించిన మనిషి రామసుబ్బమ్మ. ఊళ్లో ఏ పంచాయితీ వచ్చినా మగవాళ్లు సైతం ఆమె అరుగు దగ్గరికే వచ్చి కూర్చునేవారు. నోరు పెద్దది. చెయ్యి కూడా పెద్దదే. రెండో ఏడు ఎండాకాలంలో మందు కొట్టేవాళ్లు వస్తే వాళ్లకు ఆ పూట జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి ఆమే పెట్టించింది. నలుగురూ తన గురించి మంచిగా చెప్పుకోవాలని ఆమెకు కొంచెం ఆశ ఉండేది. అంత ఆశ మనలో ఎవరికి లేదు?

మందు పంపు మోసేవాళ్లలో ఆనందం ఒకడు. అదే ఊరి పాలెంవాడు. పాలెమంటే ఊరికి దిగువన, చర్చి చుట్టూ ఉన్న కూలివాళ్ల గుడిసెలు. ఆనందం తల్లి జీవమ్మ కొత్త కోడలిగా వచ్చిన నాటినుంచి రామసుబ్బమ్మ చేలల్లోనే చెనిక్కాయలు పీకింది, కలుపు తీసింది. కొడుకు ఖాకీ నిక్కరు తొడుక్కుని సర్కారు పనిలో చేరాడని ఆ తల్లి మురిసిపోయేది. కోడలు ఓబులమ్మ కడుపుతో ఉందన్న సంగతి కూడా చెప్పీ చెప్పనట్టు చెప్పి నవ్వుకునేది.

సాయంత్రానికి పని ముగిసింది. పంపులు, బకెట్లు కడగాలి. మిగిలిపోయిన మందును ఊరికి దూరంగా గుంత తవ్వి పూడ్చాలని పైవాళ్ల ఉత్తరువు. అయితే ఎండాకాలపు నల్లరేగడి గునపాన్ని కూడా దిగనివ్వదు. "ఎవురు తవ్వుతారప్పా ఈ రాతినేల" అని మేస్త్రి మారెన్న విసుక్కున్నాడు. బకెట్లు ఎత్తుకుని అందరూ ఊరి దిగుడుబావి వైపు నడిచారు.

అరుగు మీదినుంచి చూసిన రామసుబ్బమ్మ గయ్యిమని లేచింది.

"ఒరేయ్, యాడికిరా ఆ బకెట్లు! దేవుని పూజకు నీళ్లు ఆ బావిలోనుంచే తెచ్చుకుంటాం. పాలెం బావి ఉండాది గదా, పోయి ఆడ కడుక్కోండి!"

ఆనందం నిలబడిపోయాడు. "అమ్మా, ఆ నీళ్లే గదమ్మా మావాళ్లు తాగేది" అన్నాడు మెల్లగా.

"తాగితే ఏమైతాది? దోమలు చచ్చే మందు మనిషినేం చేస్తాది? మంచిదేలే, కడుపులో పురుగులు కూడా పోతాయి మీకు!"

అరుగు మీద కూర్చున్న వాళ్లంతా పకపకా నవ్వారు. మారెన్న నవ్వాడు. ఆనందం కూడా నవ్వాడు. నవ్వకుండా ఎట్లా ఉంటాడు? తర్వాత తన చేతులతోనే, తాను పుట్టి పెరిగిన పాలెం బావిలో ఆ బకెట్లన్నీ కడిగాడు. మిగిలిన మందును కూడా మారెన్న అందులోనే ఒంపించాడు.

తెల్లారి చూస్తే బావి నిండా తెల్లటి కడుపులతో తేలిన చేపలు.

బావి తవ్వితే అందులో చేపపిల్లల్ని వదలడం ఆ సీమలో తాతల నాటి అలవాటు. చేప ఉంటే నీళ్లకు పురుగు పట్టదని చెప్పేవారు. ఊరి పక్క వంకకు వాన నీళ్లొచ్చినప్పుడు పాలెం పిల్లలు గుడ్డలు అడ్డంపెట్టి చేపపిల్లల్ని పట్టి తెచ్చి బావిలో వేసేవారు. అవన్నీ ఒక్క రాత్రితో పోయాయి. ఇక ఆ నీళ్లు నోట్లో పోసుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పాలెం ఆడవాళ్లు కడవలెత్తుకుని వంకకు పోయి, ఇసుకలో చెలమలు తీసి, చిప్పతో తోడుకున్న నీళ్లు నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి వచ్చేవారు. ఓబులమ్మ కూడా అట్లాగే నడిచింది, అప్పుడప్పుడే ఎత్తవుతున్న కడుపుతో.

ఆ దారి రామసుబ్బమ్మ చేను పక్కనుంచే పోతుంది. ఆమె చూసింది. చూసి ముఖం అటు తిప్పుకుంది. దిగుడుబావిలో నీళ్లు తోడుకుంటామని వాళ్లు అడగలేదు కాబట్టి తాను ఇవ్వలేదని మనసుకు సర్దిచెప్పుకుంది. ఎవరు అడగగలరు, ఎవరిని అడగగలరు అన్న సంగతి మాత్రం తలపెట్టలేదు.

వానలు కురిశాయి. పాలెం బావిలో కొత్త నీళ్లు ఊరాయి, మందు ఘాటు తగ్గింది. దోమలు మళ్లీ వచ్చి గుడ్లు పెట్టాయి. పురుగును తినే చేప మాత్రం లేదు. గోడల మీది మందు కూడా అప్పటికి ఉత్త సున్నంలా మిగిలింది. దసరా నాటికి పాలెమంతా చలిజ్వరంతో దుప్పట్లు కప్పుకుని మూలిగింది. అక్కడి దోమ అక్కడే ఉంటుందా? ఊళ్లోకీ వచ్చింది. రామసుబ్బమ్మ కూడా రెండు బొంతలు కప్పుకుని పళ్లు కటకటలాడిస్తూ పడుకుంది.

ఆమె లేచి తిరిగేసరికి కలుపుకు జీవమ్మ రాలేదు. చాలా రోజులకు గాని రాలేదు. వచ్చిన రోజున "ఏమే, కనపడకుండా పోయినావు?" అని గద్దించింది రామసుబ్బమ్మ.

"కోడలికి జొరం తగిలిందమ్మా. బిడ్డ కడుపులోనే పోయినాడు. మొగపిల్లోడు" అని చెప్పి జీవమ్మ కలుపులోకి వంగింది.

ఆ సాయంత్రం రామసుబ్బమ్మ పాలెంకు ఒక చాట జొన్నలు పంపించింది. పంపినందుకు తన మనసులో తానే సంతోషపడింది కూడా. చదువరులారా, ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె చెడ్డ మనిషి కాదు. మనలాంటి మనిషే.

కార్తీకంలో ఒక జీపు వచ్చి ఆమె అరుగు ముందు ఆగింది. కర్నూలునుంచి మలేరియా డాక్టరు, ఆయన పక్కన తెల్లజుట్టు విదేశీ దొర. మందు కొట్టిన ఊళ్లలో కూడా జ్వరం ఎందుకు తిరగబెట్టిందో చూడడానికి వచ్చారు. ఆ దొరది గ్రీకు దేశమట. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న ఆరోగ్య సంస్థ ఆయన్ను పంపిందట. ఊరు ఊరంతా మూగింది. పాలెంవాళ్లు కొంచెం ఎడంగా నిలబడ్డారు.

దొర రెండు బావుల నీళ్లు తెప్పించాడు. పాలెం నీళ్లను గాజుపాత్రలో పోసి అందరికీ చూపించాడు. సన్నని పురుగులు తలకిందులుగా వేలాడుతూ గిలగిలా కదులుతున్నాయి. "ఇవే రేపటి దోమలు" అని డాక్టరు తెలుగులో చెప్పాడు. దిగుడుబావి నీళ్లతో పాటు రెండు చిన్న చేపలు కూడా వచ్చాయి. దొర వాటిని ఆ పాత్రలోకి వదిలాడు. జనం నోళ్లు తెరుచుకుని చూస్తుండగానే చేపలు పురుగుల్ని టపటపా మింగేశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఈ బావిలో ఇన్ని చేపలుండగా, ఆ బావిలో ఒక్కటీ లేదేం?" అని అడిగాడు డాక్టరు.

మారెన్న మెల్లగా గుంపు వెనక్కి జరిగాడు.

"మందు పంపులు అందులో కడిగారా?" డాక్టరు గొంతు పెరిగింది.

మారెన్న ఆనందం వైపు చెయ్యి చూపించాడు. "ఈ ఆనందం పాలెంవాడే సార్. వాడే కడిగినాడు" అన్నాడు.

ఆనందం తలెత్తి ఒక్కసారి రామసుబ్బమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఆమెకు ఎంతో తేలికగా ఉండేది. "అవును సార్, నేనే కడిగినా" అని తల దించుకున్నాడు.

"ఉత్తరువు తెలిసీ ఈ పని చేశావా? నీ ఊరివాళ్ల నోట్లోనే విషం పోశావు కదయ్యా! రేపటినుంచి పనిలోకి రావద్దు."

గుంపులో జీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కడుపు కూడు పోతోంది. అయినా నిజం చెప్పడానికి ఆమెకూ నోరు రాలేదు. చేలో కూలి కూడా పోతుందేమోనని భయం. ఇక అంత నోరున్న రామసుబ్బమ్మ? ఆ నోరు పూడుకుపోయింది. కడుపులో పురుగులు కూడా పోతాయి మీకు! తన మాట తనకే చెవుల్లో గింగురుమంది. పురుగులు పోలేదు, పసిబిడ్డ పోయాడు.   అయినా ఊళ్లో నలుగురి ముందు పరువు పోతుందని ఆమె మాట్లాడలేదు.

ఇదంతా ఏమిటని దొర డాక్టరును అడిగి తెలుసుకున్నాడు.  తర్వాత ఆయన చెబుతూ ఉంటే డాక్టరు తెలుగు చేశాడు.

"ఈ అబ్బాయిని తిట్టకండి. మా దేశంలో నేను కూడా ఇదే చేశాను. పట్నం వాళ్ల కొలనుల్ని వదిలిపెట్టి, జాలరుల మడుగుల్లో మందు పోయించాను. వాళ్ల చేపలు చచ్చాయి. పోనీ దోమలు పోయాయా అంటే, కొన్నేళ్లకు మందు కొట్టిన గోడ మీదే దోమ హాయిగా కూర్చోవడం నా కళ్లతో చూశాను. దోమ మందుకు అలవాటు పడింది. మందు తయారుచేసిన దేశం, కొనుక్కున్న దేశం, రేపు వాడబోయే దేశం అన్నీ ఒకచోట కూర్చుని వేరే దారి వెతకకపోతే మన పని అయిపోయినట్టే. మా అనుభవం మీకు చెప్పాలని వచ్చాను. మీ బావుల్లోని చేపల సంగతి మా వాళ్లకు చెప్పడానికి తిరిగి వెళ్తాను. సిగ్గుపడటం మంచిదే. నేను సిగ్గుపడిన రోజునుంచే నేర్చుకోవడం మొదలుపెట్టాను."

అంత చదువుకున్న దొర, తెల్లజుట్టు దొర, ఊరుకాని ఊళ్లో పదిమంది ముందు తన తప్పు చెప్పుకున్నాడు. రామసుబ్బమ్మ అరుగు దిగింది. 

"డాక్టరయ్యా, ఆ పిల్లోనిది తప్పు లేదు. ఆడ కడుక్కోమని చెప్పింది నేను. ఆ నీళ్లు మావాళ్లు తాగుతారమ్మా అని వాడు మొత్తుకున్నాడు. మేం నవ్వినాం. ఈళ్లంతా విన్నారు. వీని బిడ్డ పోయినాడు. పని తీసేయాలంటే మా పెద్దరికం తీసేయండి."

అరుగు మీది పెద్దలు నేల చూపులు చూశారు. డాక్టరు ఆనందం భుజం మీద చెయ్యి వేసి "నువ్వు రేపు పనిలోకి రా" అన్నాడు. తర్వాత ఊరివాళ్ల వైపు తిరిగి, పాలెం బావి నీళ్లన్నీ తోడించి శుభ్రం చేయించాలనీ, కొత్త నీళ్లు ఊరాక ఊరి దిగుడుబావి చేపల్ని అందులో వదలాలనీ, అందాకా పాలెంవాళ్లు తాగడానికి ఆ దిగుడుబావి నీళ్లే ఇవ్వాలనీ చెప్పాడు.

ఎవరో వెనకనుంచి గొణిగారు. రామసుబ్బమ్మ వినిపించుకోలేదు. ఇత్తడి బిందె తెచ్చి ఆనందం ముందు పెట్టింది.

"రాప్పా ఆనందం, మెట్లు దిగు. నీళ్లు ముంచుకో."

ఇన్నేళ్లలో వాణ్ని ఆమె "ఒరేయ్" అనడమే గాని "రాప్పా" అన్నది లేదు. అయినా ఆనందం కదల్లేదు. తరతరాలుగా పాలెంవాళ్లను దిగనివ్వని మెట్లు, ఒక్క పిలుపుకు కాలు ఎట్లా ఆడుతుంది? చివరికి రామసుబ్బమ్మే ముందు దిగింది. నడి మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు వాడు దిగాడు. వాని వెనక కడవతో జీవమ్మ, ఆమె వెనక పాలెం ఆడవాళ్లు దిగారు.

పాలెం బావి శుభ్రమైన తర్వాత చేపల బిందెను రామసుబ్బమ్మ తన నడుముకెత్తుకుని మోసుకుపోయింది. చర్చి దగ్గర ఓబులమ్మ నిలబడి ఉంది. పీక్కుపోయిన ముఖం, ఖాళీ ఒడి.

"నన్ను తిట్టు తల్లీ" అంది రామసుబ్బమ్మ.

 ఓబులమ్మ బిందె చూసి పక్కకు తప్పుకుంది. జీవమ్మ మాత్రం మెల్లగా అంది: "చేపలు తెచ్చినావు, శానా సంతోషమమ్మా. పోయినోడు రాడులే."

  రామసుబ్బమ్మ చేపల్ని నీళ్లలోకి వదిలి, ఖాళీ బిందెతో ఒంటరిగా ఇంటికి నడిచింది.

మరుసటి ఎండాకాలం మందు కొట్టేవాళ్లు మళ్లీ వచ్చారు. పని ముగించి బకెట్లు ఎత్తుకుని, ఇవి ఎక్కడ కడగాలని ఆమెనే అడిగారు. రామసుబ్బమ్మ గునపం తీసుకుని వాళ్లకంటే ముందు బయట బీడులోకి నడిచింది. రాయిలాంటి ఆ నల్లరేగడిలో మొదటి పోటు తానే వేసి, చెమట తుడుచుకుంటూ చెప్పింది:

"ఈడ గుంత తవ్వి పూడ్చండప్పా. విషం పారబోసుకోను పరాయి బావి అనేది ఈ భూమ్మీద యాడా లేదు."