ఇసుక ముందా, ఉయ్యాల ముందా

ఇసుకమ్మాయికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదుగానీ, పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. చదువంతా చదివి, భౌతికశాస్త్రంలో పట్టాల మీద పట్టాలు తెచ్చుకుని, చివరికి ఒక గాజుపెట్టెలో ఇసుక కుప్ప పోసుకుని దాని ముందు కూర్చున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు? వాళ్ళ నాన్న బంధువుల దగ్గర "మా అమ్మాయి ఇసుక మీద డాక్టరు చేస్తోంది" అనేవాడు. విన్నవాళ్ళు జాలిగా తలూపి, పోనీలెండి ఏదో ఒకటి, అనేవారు.

ఆమె పరిశోధన చెప్పడానికి చాలా సులువు. ఇసుక కుప్పగా పోసి, ఎవరూ ముట్టుకోకుండా, గాలి కూడా తగలకుండా వదిలేస్తే అది ఊరికే ఉండదు. ఉండుండి ఒక పక్కన కొంచెం జారుతుంది. ఎవరూ కదపకపోయినా, లోపల రేణువులు ఒకదాని మీద ఒకటి మెల్లగా సర్దుకుని, ఇక పట్టలేక జారతాయని ఆమె సిద్ధాంతం. థీసిస్ అంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది: ఎవరూ కదపకపోయినా. ఆ మాట తీసేస్తే మిగిలేది ఇసుక, అట్టలు వేసిన కాగితాలు.

వైవా రేపు. బయటినుంచి వచ్చే పరీక్షకుడు గోరంత సందు దొరికితే కొండంత ప్రశ్న వేస్తాడని పేరున్న పెద్దాయన. ఆమె గైడు ఆయన్ని తీసుకురావడానికి వెళ్ళాడు. అమ్మ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, పిన్నీ బాబాయీ కూడా బయల్దేరుతున్నారనీ, ముందు వరసలో కుర్చీలు పట్టి ఉంచమనీ చెప్పింది. అమ్మ దృష్టిలో వైవా అంటే పెళ్ళికి తక్కువ, నాటకానికి ఎక్కువ.

ఇక ఆ హాలు సంగతి. ఏళ్ళ కిందట, అసలు భవనాల పైకప్పులు మరమ్మతులో ఉన్నాయని మూడు విభాగాల వాళ్ళని తెచ్చి పాత రీడింగ్ హాల్లో పడేశారు. మధ్యలో ప్లైవుడ్ గోడలు, అవి కూడా పైకప్పు దాకా లేవు. ఒక చివర ఇసుకమ్మాయి. మధ్యలో జోల మాస్టారు. ఆ చివర సమాజశాస్త్రం అక్క. సాయంత్రం కాగానే కాపలావాడు కరెంటు ఆపేసి హాలుకు తాళం వేసేవాడు కాబట్టి, ముగ్గురి శాస్త్రాలూ పగటిపూట మాత్రమే నడిచేవి.

జోల మాస్టారు జోలపాటల మీద పనిచేస్తాడు. బుగ్గమీసాలు, బొంగురు గొంతు, ఒక్క పాటా పాడలేడు. పసిపిల్లల తల్లులని పిలిచి, ఇనుప చట్రానికి వేలాడదీసిన గుడ్డ ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టి, రికార్డరు పెట్టి, తను మూల స్టూలు మీద బొమ్మలా కూర్చుంటాడు. పిల్ల ఏడవకపోయినా తల్లి ఉన్నట్టుండి ఉయ్యాల ఊపుతూ పాట అందుకుంటుందనీ, ఆ పాట ఎవరూ అడగకుండా తల్లి లోపలినుంచే పుడుతుందనీ ఆయన పుస్తకం రాస్తున్నాడు. మొత్తానికి గోడకి ఇటు ఇసుక తనంతట తనే జారుతోంది, అటు పాట తనంతట తనే వస్తోంది. ఇద్దరూ ఒకరి పని ఒకరు చూసి లోపల్లోపల నవ్వుకునేవారు.

ఇసుకమ్మాయి ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పనిచేసేది. ఆ రోజు వైవా కంగారులో వాటిని ఇంట్లో మరిచిపోయింది. అదే కొంప ముంచింది.

గాజుపెట్టె పక్కన తేమ లాగే యంత్రం ఎప్పటిలాగే గుయ్యిమంటోంది. ఆ హోరులో కూడా గోడ మీదనుంచి ఉయ్యాల కొక్కెం కిర్రుమనడం వినిపించింది. అటు చూసి, మళ్ళీ ఇటు తిరిగేసరికి కుప్ప పక్కన ఇసుక జారి ఉంది. సరేలే అనుకుంది. కాసేపటికి మళ్ళీ కిర్రు. చూస్తే మళ్ళీ జారి ఉంది. మూడోసారి కిర్రుమన్నప్పుడు చూడాలంటేనే భయమేసింది. చూసింది. కొత్తగా ఇంకో చిన్న పాయ.

ఉయ్యాల ఊగుతోంది, చట్రం కదులుతోంది, నేల అదురుతోంది, కుప్ప జారుతోంది. కుప్ప కింది పళ్ళేనికి అతికించిన మైకుకు ఇసుక చప్పుడు తప్ప అంత నెమ్మది ఊపు అందదు కాబట్టి ఇన్నాళ్ళూ తనకు తెలియలేదు. అంటే ఏళ్ళతరబడి తను రాసిందంతా ఇసుక గురించి కాదు, పక్కగది ఉయ్యాల గురించి. రేపు ముందు వరసలో పిన్నీ బాబాయీ.

గోడ అవతలికి వెళ్ళి "మాస్టారూ, కాసేపు ఉయ్యాల ఆపండి" అంటే చాలు, తేలిపోతుంది. కానీ ఆమె వెళ్ళలేదు. తేలిపోతుందనే వెళ్ళలేదు. కాళ్ళు ఆమెను మధ్య గది దాటించి చివరి గదికి తీసుకెళ్ళాయి.

సమాజశాస్త్రం అక్కని విద్యార్థులు 'ముందెవరక్క' అంటారు. సభలో చప్పట్లు ముందు ఎవరు కొడతారు, విసుగుపుట్టిన మీటింగులో ముందు ఎవరు కుర్చీ వెనక్కి జరుపుతారు, క్యూ కదలకపోతే పక్క వరసలోకి ముందు ఎవరు దూకుతారు, ఇదీ ఆవిడ శాస్త్రం. ఇంట్లో కూడా వాళ్ళాయన అలిగితే, ముందు ఎవరు అలిగారో తేలాకే బతిమాలుతుందని చెప్పుకుంటారు.

"ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది?" అంది అక్క ఫ్లాస్కు మూత తిప్పుతూ.

"నా ఇసుకని మాస్టారి ఉయ్యాల ఊపుతోందక్కా. నా థీసిస్ పోయింది."

మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అక్క టీ పోసి చేతిలో పెట్టింది.

"ముందు ఏది?" అంది.

"ఏంటక్కా?"

"ఉయ్యాల ముందా, ఇసుక ముందా?"

"ఉయ్యాలే. అది కిర్రుమంది, నేను తల తిప్పాను, ఇసుక జారిపోయి ఉంది."

"నువ్వు చూసేసరికి జారుతోందా, అప్పటికే ఆగిపోయిందా?"

ఇసుకమ్మాయి కప్పు కింద పెట్టింది. మూడుసార్లూ ఆగిపోయే ఉంది.

"మరి ముందు ఏదో నువ్వు చూశావా?" అంది అక్క. "కాకి వాలింది, తాటిపండు పడింది అంటారు చూడు. పండు రాలుతుంటే ఆ అలికిడికి కాకి కదిలిందేమో ఎవరికి తెలుసు? పాపం కాకిని ఎవరూ అడగలేదు."

"ఇసుక జారితే ఉయ్యాల ఎందుకు ఊగుతుందక్కా? అర్థం లేకుండా."

"అది నాకేం తెలుసు. పద, అడుగుదాం."

"భయంగా ఉందక్కా. నిజంగా ఉయ్యాలే అయితే?"

"అయితే ఈ రోజు ఏడుస్తావు. అడక్కపోతే రేపు ఆ పెద్దాయన ముందు ఏడుస్తావు. ఈ రోజైతే నేనున్నాను, టీ ఉంది."

ఇంతకంటే పెద్ద ధైర్యం ఆ పూటకి దొరికేలా లేదని ఇసుకమ్మాయి లేచింది.

మధ్య గదిలో ఒక తల్లి ఉయ్యాల పక్కన చాప మీద కూర్చుని ఉంది. బ్యాంకు ఉద్యోగం, ప్రసవం సెలవులో ఉంది. మాస్టారికి దూరపు వరసలో మేనకోడలు. లోపల బుడ్డోడు కళ్ళు మూసుకుని పెదాలు చప్పరిస్తున్నాడు. మాస్టారు వేలు నోటి మీద పెట్టుకుని ఇద్దరినీ ఆగమన్నాడు. అక్క ఆగే మనిషి కాదు. సంగతి గుసగుసగా చెప్పేసింది.

మాస్టారి మొహం వాడిపోయింది. "నా ఉయ్యాల వల్ల నీ చదువు పాడైందా అమ్మా?" అన్నాడు. ఆ గొంతు వింటే ఇసుకమ్మాయికి తన బాధకన్నా ఆయన మీద జాలే ముందు పుట్టింది.

"పాడైందో లేదో చూద్దాం మాస్టారూ. ఇవాళ పొద్దున్నుంచీ రికార్డు చేసింది వినిపించండి," అంది అక్క.

ఆయన మీట నొక్కాడు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎక్కడో 'ష్‌ష్' అని సన్నటి చప్పుడు. వెంటనే బుడ్డోడు ఉలిక్కిపడ్డ మూలుగు. అప్పుడు కొక్కెం కిర్రు, ఆ వెనక తల్లి పాట. ఇంకొంచెం ముందుకు జరిపాడు. మళ్ళీ అదే వరస: ష్‌ష్, మూలుగు, కిర్రు, పాట. మూడోసారీ అంతే.

"ఆ ష్‌ష్ ఏంటి మాస్టారూ?" అంది ఇసుకమ్మాయి.

"నా రికార్డరుకి రోగం. ఎన్నాళ్ళనుంచో ఉంది, ఎన్నిసార్లు బాగుచేయించినా పోదు."

"రికార్డరు కాదు మావయ్యా," అంది తల్లి, పిల్లాడి చెవుల మీద గుడ్డ సర్దుతూ. "ఆ గోడలోంచి వస్తుంది. అది వస్తే వీడు ఉలిక్కిపడతాడు. లేచి రాగం తీస్తాడేమోనని నేను ముందే ఊపుతాను. మీరేమో కదలొద్దంటారు, మాట్లాడొద్దంటారు. ఇంక చెప్పేదెప్పుడు?"

ఆమె వేలు చూపించిన చోటికి సరిగ్గా అవతల ఏముందో ఇసుకమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. మైకు కొత్తగా పెట్టినప్పుడు ఇసుక జారే చప్పుడు వినాలని దానికో చిన్న స్పీకరు తగిలించింది. మొదట్లో మురిసిపోయి అమ్మకి ఫోన్లో కూడా వినిపించింది. తర్వాత విసుగుపుట్టి, దాని మొహం గోడవైపు తిప్పి అలమర మీదికి తోసేసింది. ఆపడం మాత్రం మరిచిపోయింది. ఇటు యంత్రం హోరు, చెవులకు హెడ్‌ఫోన్లు. అంతమంది తల్లులూ పిల్లలూ విన్న తన ఇసుకని వినకుండా కూర్చున్నది తనొక్కతే.

"నా ఇసుకేనక్కా," అంది. "ముందు నా ఇసుకే." అంటూనే ఏడ్చేసింది. బుడ్డోడు నిద్రలోనే మొహం చిట్లించాడు.

"ఆగు, అప్పుడే పండగ చేసుకోకు," అంది అక్క. "ఉయ్యాల లేకుండా కూడా జారాలి కదా."

అది నిజమే. తల్లి పిల్లాణ్ణి భుజాన వేసుకుంది. మాస్టారు తన చేత్తోనే ఉయ్యాలని కొక్కెం నుంచి తీసి, మడిచి, బల్ల మీద పెట్టాడు. అందరూ ఇవతలికి వచ్చి గాజుపెట్టె ముందు నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. తుమ్మొస్తే మాస్టారు మీసాలు గట్టిగా పట్టుకున్నాడు. కుప్ప కుప్పలాగే ఉంది. ఇసుకమ్మాయికి దేవుడు గుర్తొచ్చాడు, చిన్నప్పుడు చేసిన తప్పులు గుర్తొచ్చాయి. అక్క చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆవిడ బంగారు గాజు ఒకటి వంకరపోయింది.

అలా ఎంతసేపు నిలబడ్డారో ఎవరూ చూసుకోలేదు. కుప్ప పక్కన నాలుగు రేణువులు కదిలాయి. వాటి వెనక సన్నటి పాయ ఒకటి తీరుబడిగా కిందికి జారి ఆగింది. తల్లి భుజం మీద బుడ్డోడు ఉలిక్కిపడ్డాడు. అవతల గదిలో ఉయ్యాల బల్ల మీద మడిచినట్టే ఉంది.

ఇసుకమ్మాయి అలాగే నేల మీద కూలబడి ఊపిరి పీల్చుకుంది. పొద్దున్నుంచీ గుండెల మీద ఉన్న కుంపటిని ఎవరో దించి పక్కన పెట్టినట్టుంది. అక్క ఆమె తల నిమిరింది.

మాస్టారు మాత్రం తన గది గోడవైపే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే," అన్నాడు చివరికి, "నా పాట లోపలినుంచి పుట్టలేదన్నమాట. నీ ఇసుకలోంచి పుట్టింది."

ఎవరికీ నవ్వు రాలేదు. తను గట్టెక్కిన సంతోషంలో ఆయన్ని ముంచిన సంగతి ఇసుకమ్మాయికి అప్పుడు తట్టింది. "మాస్టారూ..." అంది.

ఆయన మీసాలు దువ్వుకున్నాడు. "చివరి అధ్యాయం వచ్చేవారం అచ్చుకి పంపాలమ్మా. అచ్చయ్యాక ఎవడో లేచి ఆ ష్‌ష్ ఏంటని అడిగితే తల ఎక్కడ పెట్టుకునేవాణ్ణి? చేతులు కాలకముందే ఆకులిచ్చావు. ఈ హాల్లోకి రాకముందు చేసిన రికార్డులు పాత పెట్టెలో ఉన్నాయి. వాటిని వింటాను. అప్పుడు కూడా అడక్కుండా పాడారంటే నా మాట నిలబడుతుంది. లేదంటే పిల్లలు ఉలిక్కిపడటం గురించి రాస్తాను. అది మాత్రం చిన్న సంగతా?" అని, ఆగి, "రేపటికి ఈ రికార్డు తీసుకెళ్ళు. పనికొస్తుంది" అన్నాడు.

మర్నాడు పెద్దాయన థీసిస్ అంతా తిరగేసి, కళ్ళజోడు తీసి, అడగనే అడిగాడు: "పక్కగదిలో అలికిడి వల్ల జారలేదని మీకెలా తెలుసు?"

నిన్న ఇదే ప్రశ్న వచ్చి ఉంటే ఆమె అక్కడే పడిపోయేది. ఇవాళ లేచి మాస్టారి రికార్డు పెట్టింది. భౌతికశాస్త్రం వైవాలో ష్‌ష్, మూలుగు, కిర్రు, వెనకే కమ్మటి జోల వినిపించాయి. తర్వాత ఉయ్యాల మడిచి పెట్టిన సంగతి చెప్పింది. నిన్న రాత్రి కూర్చుని థీసిస్ చివర ఇదంతా ఒక పేజీగా కలిపాననీ, తన స్పీకరు పొరపాటుతో సహా రాశాననీ చెప్పింది. ముందు వరసలో అమ్మ పక్కనే ఉన్న నాన్న వైపు వంగి, "పరీక్షలో జోలపాట పెట్టిందేంటండీ?" అంది.

"ఊరుకోవే," అన్నాడు నాన్న. "ఇసుక నిద్రపోవాలి కదా."

పెద్దాయనకి ఆ మాట వినిపించినట్టుంది, కళ్ళజోడు పెట్టుకునేటప్పుడు పెదవి ఒక పక్కకి వంగింది. "సాక్ష్యం బాగుంది. సాక్షి ఇంకా బాగుంది," అని రెండో ప్రశ్నకి వెళ్ళాడు. ఆ తర్వాతి ప్రశ్నలన్నీ ఆమెకు తెలిసినవే.

అందరూ అభినందించి, ఫోటోలు తీసుకుని, అమ్మ ముక్కు చీదుకుని వెళ్ళాక, ఇసుకమ్మాయి ఒక్కతే హాలుకి వచ్చింది. చివరి గదిలో అక్క లేదు. మధ్య గదిలో మాస్టారు పాత రికార్డులు పెట్టుకుని, హెడ్‌ఫోన్లతో, ప్రపంచం పట్టకుండా కూర్చున్నాడు. ఆయన్ని పలకరించకుండా తన గదిలోకి వెళ్ళి, అలమర మీది స్పీకరుని దుమ్ము తుడిచి, తన కుర్చీవైపు తిప్పి, గొంతు బాగా తగ్గించింది. తేమ లాగే యంత్రాన్ని ఒక్క పూటకి ఆపేసింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ష్‌ష్ మంది. ఎన్నాళ్ళో అయింది ఆమె దాన్ని నేరుగా విని. ఇంత చిన్న చప్పుడా అనుకుంది, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఎప్పుడు జారుతుందా అని కుర్చీ ముందుకు జరుపుకుంది.